కట్లు మొదలయ్యే చోటు

వాలిందా? లేదు, వాలలేదు, కిటికీ తెర కదిలి నీడ పడింది, అంతే. ఎడమ రెప్ప కుడిదానికన్నా కాస్త కిందికి ఉండడం ఆమెకు పుట్టుకతో వచ్చిందే, పెళ్ళి ఫోటోలో కూడా అలాగే ఉంటుంది, కట్టుకున్నవాడికైనా ఈ సంగతి తెలుసో లేదో గానీ నాకు తెలుసు, మనుషుల ముఖాలను గీత గీతగా చూడడం నాకు పట్టిన జబ్బు. ఇవాళ ఆ జబ్బు పనికొచ్చింది. రెప్పలు వాలినా, మాట ముద్దముద్దగా వచ్చినా, ఉమ్ము మింగలేకపోయినా వెంటనే పిలవండి, ఎవరో ఒకరు కళ్ళు తిప్పకుండా కూర్చోవాలి అని డాక్టరమ్మ చెప్పింది. మా అత్తయ్య నా వైపు తిరిగి "విషం లేదన్నది తనేగా, తననే కూర్చోమనండి" అంది. అలా కూర్చున్నాను, పొద్దుటినుంచీ ఈ ప్లాస్టిక్ స్టూలు మీద, నా తోడికోడలి మంచం పక్కన, ఆమె కనురెప్పలకు కాపలాగా. పొద్దున్నే పెరట్లో బట్టలుతికే చోట ఆమె మణికట్టు మీద పాము కరిచింది. ఇప్పుడు సాయంత్రం కావస్తోంది. అది కట్లపామైతే ఈపాటికి ఆ రెప్పలు లేపినా లేవకుండా వాలిపోవాలి, ఊపిరి ఆడకపోవాలి. కాకపోతే ఏమీ లేదు, ఒక సూది వేసి ఇంటికి పంపుతారు. కట్లపాము కాదని నేనన్నాను. ఇంట్లో ఇంకెవరూ నోరు మెదపలేదు, నేనే అన్నాను, పెద్ద మొనగత్తెలా.

"నీకు కచ్చితంగా తెలుసా?" అన్నారు మా ఆయన ఫోనులో, వేరే ఊళ్ళో పనిమీద ఉండి. ఆయనొక్కరేనా, మరిది అడిగాడు, అత్తయ్య అడిగింది, ఇక్కడ మంచం దుప్పటి మార్చే ఆవిడ కూడా అడిగింది. ఇన్నేళ్ళుగా నేనేం పని చేస్తానో ఎవరూ అడగలేదు. పాముల బొమ్మలు గీస్తాను. పిల్లల పుస్తకాలకు, కాలేజీల వాళ్ళకు, గోడలకు తగిలించే చార్టులకు. ఇంట్లో దాన్ని "బొమ్మలేసుకోవడం" అంటారు, అదేదో తోచనప్పుడు ముగ్గులు పెట్టుకున్నట్టు. పొలుసు పొలుసూ లెక్క చూసుకుని గీయాలి, వెన్ను మీది వరస వేరు, పక్కల వరస వేరు, తోక కింద వేరు, ఒక్క పొలుసు అటూ ఇటూ అయినా అది ఇంకో పాము అయి కూర్చుంటుంది. కట్లపాముకు వెన్ను పొడుగునా పెద్ద పొలుసులు ఉంటాయి, తేనెపట్టు గదుల్లా, ఆరు పలకలతో. నల్లటి నిగనిగలాడే ఒళ్ళు, దాని మీద సన్నటి తెల్ల కట్లు, మెడ దగ్గర ఉండీ లేనట్టుండి తోకవైపు పోయేకొద్దీ స్పష్టమవుతాయి. దాని వేషం వేసుకు తిరిగే సాధువొకటుంది, మా పుస్తకాల్లో దాన్ని తోడేలు పాము అంటారు, జనానికి ఆ పేరు తెలియదు, కనబడితే కట్లపామని చంపేస్తారు. దాని ఒళ్ళు గోధుమ రంగు, కట్లు మెడ దగ్గరే దిట్టంగా మొదలై తోకవైపు పోయేకొద్దీ వెలిసిపోతాయి. గోడలెక్కుతుంది, బల్లుల కోసం ఇళ్ళలోకి వస్తుంది. పట్టుకుంటే మాత్రం కసిగా కరుస్తుంది, విషం లేనివాటికే పౌరుషం ఎక్కువ. ఇదంతా నాకు నోటికి వచ్చు. కానీ నేను చూసినవన్నీ సీసాల్లోవి, స్పిరిట్‌లో నాని నాని నలుపూ గోధుమా ఒకటే మట్టిరంగుకు తిరిగినవి, పక్కనున్న చీటీ చూసి నేను రంగు వేసినవి. బతికున్న పాము ఎదురుపడడం నాకు చాలా అరుదు. ఆ మాట ఇంట్లో ఎవరితోనూ అనలేదు, ఇక్కడ డాక్టరమ్మతోనూ అనలేదు.

కుడి చెయ్యి దిండు మీద ఉంది, మణికట్టు దగ్గర కాస్త వాపు, రెండు చుక్కలు కాదు, గీసుకుపోయినట్టు చిన్న చిన్న గాట్లు. పొద్దున రక్తం కారింది. నొప్పి అంది. నొప్పి అన్నప్పుడల్లా నాకు ప్రాణం లేచొచ్చింది, కట్లపాము కరిస్తే నొప్పి ఉండదు, చీమ కుట్టినట్టు కూడా అనిపించదు, నిద్రలోనే పోయినవాళ్ళున్నారు. నొప్పి పుడుతోందా అని నేను పదేపదే అడుగుతుంటే, పుడుతోంది అని ఆమె ఏడుస్తుంటే, నా ముఖంలో వెలుగు చూసి మరిది పళ్ళు కొరికాడు. ఏం చేయను, సంతోషం ముఖం మీదికి అడగకుండానే వస్తుంది. అప్పటికే వాడికి నా మీద మండుతోంది. పాము కరిచి గోడ మూలకు పోయి చుట్ట చుట్టుకుని, తలను తన ఒంటి కిందే దాచుకుని పడి ఉంటే, వాడు పంపులు బిగించే ఇనప గొట్టం పట్టుకుని వచ్చాడు, నేను అడ్డంపడి "చంపొద్దు, దాన్ని చూడనివ్వు" అన్నాను. పెళ్ళాన్ని పాము కరిచి మెలికలు తిరుగుతుంటే వదినగారు పామును చూడనివ్వమంటోంది! ఆ మాట ఈపాటికి చుట్టాలందరికీ ఫోనులో వెళ్ళిపోయి ఉంటుంది. "చిన్న పామునైనా పెద్ద కర్రతో కొట్టాలి" అని అత్తయ్య గుమ్మంలోంచి అరిచింది, వాడు కొట్టాడు, మెడ మీదా తల మీదా, సరిగ్గా ఎక్కడ చూస్తే తెలుస్తుందో అక్కడే, నుజ్జునుజ్జు చేసి, పార చివరతో ఎత్తి ప్లాస్టిక్ సంచిలో వేసుకొచ్చాడు. వెన్ను పొలుసులైనా చూస్తాను ఇటివ్వు అంటే ఇవ్వలేదు. "నువ్వు చూసింది చాల్లే వదినా" అన్నాడు. ఆ సంచి ఇంకా వాడి దగ్గరే ఉంది, బయట బెంచీ కింద పెట్టుకున్నాడు, కాసేపట్లో వాసన కూడా వస్తుంది.

అసలు నవ్వొచ్చే సంగతి ఆ బెంచీకి ఎదురుగానే ఉంది. గోడ మీద చార్టు. "విషం ఉన్న పాములు, విషం లేని పాములు". అది నేను గీసిందే. నేను గీశాను, అచ్చేసినవాళ్ళు ఈ రెండిటి కింద పేర్లు తారుమారు చేశారు, కట్లపాము బొమ్మ కింద విషం లేదని, సాధువు బొమ్మ కింద ప్రాణాంతకమని. అచ్చయ్యాక చూసి పరిగెత్తుకు వెళ్ళి చెబితే ప్రెస్సాయన చల్లగా "రెండూ ఒకేలా ఉన్నాయి కదమ్మా, అంత పట్టి ఎవరు చూస్తారు?" అన్నాడు. గోడలకు అంటించేశారు, ఎన్ని ఊళ్ళలోనో, ఎన్ని ఆసుపత్రుల్లోనో. అంత పట్టి చూసే మహానుభావుడు ఇన్నాళ్ళకు దొరికాడు, మా మరిది. మధ్యాహ్నం ఆ చార్టు ముందు నిలబడి, సంచి మూతి తీసి, చచ్చిన పాము తోకనూ బొమ్మనూ మార్చి మార్చి చూసి, కేకేసి నర్సును పిలిచాడు. "ఇక్కడ రాసుంది చూడండి! ప్రాణాంతకం అని రాసుంది! మా వదిన ఏమో విషం లేదంటోంది, ఈవిడ మాట నమ్మి మందు ఇవ్వకుండా కూర్చున్నారా?" నేను వెళ్ళి, అది నా బొమ్మే, పేర్లు అటుదిటు పడ్డాయి అన్నాను. అంటుంటే నాకే తెలుస్తోంది అదెంత అసహ్యమైన అబద్ధంలా వినబడుతోందో. బొమ్మ నాదే, బొమ్మ తోకలో వెలిసిపోయే రంగు కోసం నేను తడి కుంచెను ఎన్నిసార్లు అద్దానో నా వేళ్ళకు గుర్తుంది, కానీ చార్టు మీద నా పేరు లేదు, ప్రెస్సాయన పేరుంది. డాక్టరమ్మ వచ్చి, చిన్న వయసు, నిద్ర లేని కళ్ళు, "ఈవిడ చెప్పినదాన్ని బట్టి కాదు, గోడ మీద ఉన్నదాన్ని బట్టీ కాదు, మనిషిని చూసి ఇస్తాం మందు. అవసరం లేకుండా ఇస్తే ఆ మందే ప్రాణం మీదికి తేవచ్చు. లక్షణం ఒక్కటి కనబడినా నిమిషంలో ఎక్కిస్తాం, అంతా సిద్ధంగా ఉంది" అంది. వాడు ఆవిడను ఏమీ అనలేక నా వైపు చూశాడు. నేను నా బొమ్మ వైపు చూశాను, మంచి బొమ్మ.

మింగింది, గుటక పడింది, కంఠం కదిలింది, మంచిది. నిద్రలో పెదవులు కదిలిస్తోంది, పక్కన పిల్లవాడు లేడని కాబోలు, వాణ్ణి పక్కింటివాళ్ళ దగ్గర వదిలొచ్చారు. ఎప్పుడూ ఇలా దగ్గర్నుంచి చూడలేదు ఈమెను, చూడాలనీ అనుకోలేదు. ఒక కప్పు కింద, ఒక పంపు దగ్గర, ఒక పొయ్యి దగ్గర ఇన్నేళ్ళుగా ఒకరినొకరు తప్పుకుంటూ తిరిగాం. ఇష్టం లేదు నాకీమె అంటే. అనేస్తే పోలా, ఇక్కడ వినేదెవరు. గట్టిగా నవ్వుతుంది, తలుపు తట్టకుండా వస్తుంది, నా బల్ల మీద ఇస్త్రీ చేస్తుంది. పోయిన వానాకాలం నేను ఆరబెట్టుకున్న బొమ్మలన్నీ, నెలల తరబడి కళ్ళు పోగొట్టుకుని గీసిన బొమ్మలు, పిల్లవాడి బట్టలకు చోటు కావాలని తీసి పిట్టగోడ మీద పెట్టి వాటి మీదొక ఇటుక పెట్టింది. వాన పడింది. ఇటుక ఉన్నంత మేర బొమ్మ మిగిలింది, మిగతాదంతా రంగు నీళ్ళయి గోడ వెంట కారింది. "కాగితాలే కదక్కా, మళ్ళీ వేసుకుందువులే" అంది. నేను నవ్వి పర్లేదన్నాను. ఆ నవ్వే నా లోపల ఇప్పటిదాకా కుళ్ళుతోంది. అంతకుముందు నాకు జ్వరం వచ్చి లేవలేనప్పుడు చిక్కులు పడ్డ నా జుట్టును ఒక్కో పాయా విడదీసి దువ్వింది కూడా ఈమే, అదీ గుర్తుంది, మర్చిపోదామన్నా పోదు. పూర్తిగా చెడ్డదైతే ద్వేషించి ఊరుకోవచ్చు. ఈమె అలా కూడా ఉండనివ్వదు, ఒకసారి జుట్టు దువ్వుతుంది, ఒకసారి బొమ్మలు తడుపుతుంది, రెండూ ఒకే చేత్తో, అదే ఈ వాచిన చెయ్యి.

ఈ చెయ్యి. బకెట్టు పిడి మీదికి పోతున్న ఈ చెయ్యి. వద్దు, రెప్పలు చూడాలి, రెప్పలు సరిగ్గానే ఉన్నాయి. నేను కుంచెలు కడుక్కోవడానికి పెరటి గుమ్మంలోకి వచ్చాను, ఇంకా మసక వెలుతురు, ఆమె నాకు పక్కగా వంగి ఉంది. పంపు గొట్టం వెంట ఏదో జారుతోంది. గోడ మీద బల్లి ఒకటి బిగుసుకుపోయి ఉంది. పాము. కట్లు ఉన్నాయి. గొట్టం మీంచి బకెట్టు పిడి దగ్గరకు దిగుతోంది, నెమ్మదిగా, దానికీ తొందర లేదు. ఏ పామైనా సరే, లోకంలో ఎవరైనా సరే ఏం చేస్తారు? అరుస్తారు. పాము అన్న రెండక్షరాలు, పసిపిల్లలకైనా వచ్చు. నాకు రాలేదు. నా నోరు కొంచెం తెరుచుకునే ఉంది, గాలి లోపలికి పోవడం తెలుస్తోంది, కానీ నా కళ్ళు మెడ కోసం వెతుకుతున్నాయి. కట్లు ఎక్కడ మొదలయ్యాయి, మెడ దగ్గరా, కిందనా? మెడ గొట్టం బిగింపు వెనక ఉంది, కనబడడం లేదు. కాస్త ముందుకు రా, కాస్త రా అనుకున్నాను, పామునే అనుకున్నాను, దేవుడా, పామునే రమ్మన్నాను. బతికున్నది, రంగు చెడనిది, అంత దగ్గరగా. ఆమె నా వైపు ముఖం తిప్పి ఏదో అడిగింది, సబ్బు అందివ్వమని కాబోలు, ఆమె చూపు నా ముఖం మీద ఆగింది. చెయ్యి పిడి మీద పడింది. అప్పుడు పాము ముందుకొచ్చింది, మెడ కనబడింది, తెల్లటి పట్టెడలా కట్టు మెడ దగ్గరే మొదలైంది, హమ్మయ్య, సాధువే, అనుకున్నాను, అప్పటికే కరిచింది.

ఎన్నిసార్లు తిప్పి తిప్పి చూసుకున్నా వరస మారడం లేదు. ముందు చెయ్యి, తర్వాత మెడ. విషం లేదని తెలిసి ఊరుకున్నాను అని చెప్పుకోవడానికి వీల్లేదు, ఊరుకున్నాకే తెలిసింది. చూడాలనే యావ తప్ప ఇంకేమీ లేదా అప్పుడు నాలో? ఇటుక లేదా, గోడ వెంట కారిన రంగు నీళ్ళు లేవా? లేవనే అనుకుంటాను. ఒట్టు వేయమంటే మాత్రం వేయలేను. పోనీ అదే కట్లపామైతే? ఈపాటికి ఈమె గొంతులో గొట్టం ఉండేది, పిల్లవాడు పక్కింట్లో అమ్మేది అని అడుగుతుండేవాడు, నేను ఇదే స్టూలు మీద కూర్చుని ఇదే ఆలోచిస్తుండేదాన్ని. పాములో విషం లేకపోవడం నా గొప్పా? నాకు భయంగా ఉంది. పాము గురించి కాదు, దాని సంగతి నాకు ఖాయమే, పొద్దుటినుంచీ ఒక్క రెప్ప కూడా వాలలేదు. ఈమె లేస్తే ఏమంటుందోనని భయం.

డాక్టరమ్మ వచ్చి లేపింది. వేలు చూపించి పైకి చూడమంది, కిందికి చూడమంది, నాలుక చాపమంది, తల ఎత్తమంది, పేరు అడిగింది, చెయ్యి గట్టిగా నొక్కమంది. అన్నీ చేసింది, చెయ్యి నొక్కితే డాక్టరమ్మే "అబ్బా" అని నవ్వింది. "ఇంతసేపూ ఏమీ రాలేదంటే చాలావరకు గండం గడిచినట్టే. రేపు పొద్దుటిదాకా ఉంచి చూసి పంపేస్తాం" అంది. గుమ్మంలో అత్తయ్య చేతులు జోడించింది, డాక్టరమ్మకు. "వెంటనే బండి తీసి తీసుకొచ్చాడు కాబట్టి దక్కింది" అంది, కొడుకు భుజం నిమిరింది. ఎవరూ నా వైపు తిరగలేదు. అది నేను ముందే ఊహించుకున్నదే, తప్పయితే జన్మంతా నాదే, ఒప్పయితే ఎవరిదో. కానీ విచిత్రంగా నాకు కోపం రాలేదు, మెచ్చుకుంటే ఎక్కడ ముఖం పెట్టుకోవాలో తెలిసేది కాదు. టీ తెస్తానని వాడు వెళ్ళాడు, ముఖం కడుక్కొస్తానని అత్తయ్య వెళ్ళింది. గదిలో మేమిద్దరం మిగిలాం.

"అక్కా."

"ఎలా ఉంది? చెయ్యి గుంజుతోందా?"

"గుంజుతోంది." నా వైపు ఒత్తిగిలింది. "నువ్వు చూశావు కదూ."

"ఏంటి?"

"పామును. నేను చెయ్యి పెట్టకముందే చూశావు. నేను నీ ముఖం చూశాను అక్కా."

మంచం ఇనప చట్రాన్ని పట్టుకున్నాను, చల్లగా ఉంది. ఎవరికి చెప్పినా ఒప్పుకునే మాట ఒకటి నా దగ్గర ఉంది, పొద్దుటినుంచీ నోట్లో పెట్టుకునే కూర్చున్నాను. "విషం లేనిదని తెలుసు నాకు" అన్నాను.

"ఎప్పుడు తెలిసింది?"

జారుతున్న దుప్పటిని ఆమె మీదికి లాగాను.

"నేను అరిచి కింద పడి చూస్తే నువ్వు ఊపిరి వదిలావు, హమ్మయ్య అన్నట్టు. అప్పుడు కదూ తెలిసింది?" గొంతులో కోపం లేదు, తిట్టినా బాగుండేది. ఈమె ఎప్పుడూ ఏదీ పట్టి చూడదనుకున్నాను, నా ముఖంలో ఊపిరి ఎక్కడ మొదలైందో, ఎక్కడ ఆగిందో అన్నీ చూసిందన్నమాట, చెయ్యి పాము నోట్లో ఉండగా. క్షమించమని అందామనుకున్నాను, కానీ ఆ మాట అంటే మిగతాదంతా అన్నట్టే. బొమ్మల మాట ఎత్తుదామా, నువ్వు మాత్రం, అందామా? అంతకన్నా నీచం ఇంకోటి ఉండదు. నేను ఆమె మణికట్టు వంకే చూస్తూ కూర్చున్నాను, ఆమె నా వంకే చూస్తూ పడుకుంది.

మరిది టీలు పట్టుకుని లోపలికి వచ్చాడు, గండం గడిచిన సంబరంలో ఉన్నాడు, నాకు కూడా ఒక గ్లాసు తెచ్చాడు. "అసలు అంత దగ్గరలో ఉండి నీకెలా కనబడలేదు వదినా?" అన్నాడు, తిట్టులా కాదు, మామూలుగానే.

నేను నోరు విప్పేలోపు ఆమె అంది, "అక్క చూడలేదు. అటు తిరిగి కుంచెలు కడుక్కుంటోంది పాపం."

పాపం అంది. ఆ మాట నన్ను కాపాడడానికి అందో, ఇక జన్మంతా తన గుప్పిట్లో పెట్టుకోవడానికి అందో ఆమె ముఖంలో వెతికాను, ఎంత పట్టి చూసినా తెలియలేదు. వాడు పకపకా నవ్వాడు. "పొద్దస్తమానం పాముల్నే గీస్తావు, పక్కనున్న పాము కనబడలేదా నీకు?"

"లేదు" అన్నాను.